గంజాయి చట్టము – మన పరువు – మన పిల్లలు

ప్రతి వార్షికసంచికలోను మేము భాషాబోధనమును గూర్చియో, పరీక్షాఫలితములను గూర్చియో వ్రాయుట వాడుక. ఈ పర్యాయము ఒక అప్రియవిషయమును చేపట్టితిమి. గంజాయి అను మాటను పాఠశాల సంచికలో చూచి కొందఱు తలిదండ్రులు నొసలు చిట్లింపవచ్చును. ఆ మాటను ఇంటిలో పలుకరాదను భావమే మన కష్టములో సగపాలు గావున దానిని పలికియే వ్యాసమును ప్రారంభించుచున్నాము.

గత సంవత్సరపు తలిదండ్రుల సమావేశములో ఒక తల్లి లేచి, పిల్లవాడు తాను త్రాగకపోయినను ఇతరుల సంచిని మోసికొని వచ్చినచో పోలీసులు పట్టుకొందురా అని అడిగినది. మేము బదులు చెప్పకముందే ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు, త్రాగినవానినే గాని మోసినవానిని ఏమియు చేయరని ధైర్యము చెప్పిరి. వేఱొకరు, ఒక్క ఆకు దొరికినను పది సంవత్సరములు జైలేయని భయపెట్టిరి. ఈ రెండును తప్పు. రెండవదానికంటె మొదటిది మిక్కిలి ప్రమాదకరమైన తప్పు. చట్టమును ఉన్నదున్నట్లు తెలిసికొననిచో మన పిల్లలు ధైర్యపడవలసినచోట భయపడుదురు, భయపడవలసినచోట ధైర్యపడుదురు.

ముందుగా మొక్కను గూర్చి. ఒకే మొక్కనుండి మూడు పదార్థములు పుట్టుచున్నవి. ఆకులను నూఱి చేయునది భంగు. ఆడుమొక్క యొక్క పూతకొసలను ఎండబెట్టినది గంజాయి. ఆ పూతనుండి వచ్చు జిగురును ముద్దచేసినది చరస్సు. సామాన్యముగా ఈ మూటిలో మత్తు క్రమముగా హెచ్చును. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలయును. చట్టము ఈ భేదముమీదనే నిలిచియున్నది.

ఆంగ్లేయుల కాలమున గంజాయి నిషిద్ధవస్తువు కాదు. సుంకము చెల్లించి అమ్ముకొను సరకు. మద్రాసు రాజధానిలో సర్కారు అదుపున దీనిని పండించిన ముఖ్యప్రదేశములలో బాపట్ల ప్రాంతపు సంతరావూరు ఒకటి. అనగా మన తెలుగు గడ్డమీదనే గంజాయి అనుమతిపత్రముతో పండినది, లెక్కకెక్కినది, దుకాణములకు పోయినది. బైరాగులు, కొందఱు సాధువులు దీనిని సేవించుట ఊరివారు ఎఱిగినదే. వారిని ఎవరును పోలీసులకు పట్టియిచ్చినవారు లేరు. అట్లని పిల్లనిచ్చినవారును లేరు. సహించుట, ఏవగించుకొనుట అను రెండు భావములును ఒకే ఊరిలో, ఒకే ఇంటిలో ప్రక్కప్రక్కన నివసించినవి.

1893లో ఆంగ్లేయ ప్రభుత్వము ఈ విషయమును విచారించుటకు ఏడుగురు సభ్యుల సంఘము నొకదానిని నియమించినది. దాని అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్ దొర. సంఘము దేశమంతటను తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి 1894లో పెక్కు సంపుటముల నివేదికను సమర్పించినది. మితముగా సేవించువారికి చెప్పుకోదగిన హాని కానరాలేదనియు, అతిగా సేవించుట హానికరమనియు, పూర్తిగా నిషేధింపనక్కఱలేదనియు, సుంకముతోను కట్టుబాట్లతోను అదుపులో నుంచిన చాలుననియు వారు తేల్చిరి.

ఆ నివేదికలో ఉపాధ్యాయుల మనసును మిక్కిలి ఆకర్షించు భాగమొకటి కలదు. ఆనాటి పిచ్చియాసుపత్రుల చిట్టాలలో ఎందఱి పేరుల ప్రక్కనో వ్యాధికారణము గంజాయి అని వ్రాయబడియుండెను. సంఘము 1892వ సంవత్సరపు రోగులనుగూర్చి ఒక్కొక్కరినిగా తిరిగి విచారించగా, గంజాయివలన పిచ్చియెత్తినదని వ్రాసిన 222 మందిలో నిజముగా దానితో సంబంధము కలదని ఒప్పుకొనదగినవారు 98 మంది మాత్రమే. తక్కినవారి సంగతి యేమి? రోగిని కొనివచ్చిన పోలీసువాడు కాగితముమీద కారణము వ్రాయవలసియుండెను. కారణము తెలియదని వ్రాయుటకంటె గంజాయి అని వ్రాయుట సులభము. ఆ మాటను ఆసుపత్రి గుమాస్తా ఎత్తివ్రాసెను. ఎత్తివ్రాసిన మాట లెక్కయైనది, లెక్క సత్యమైనది. మా పాఠశాల బదిలీపత్రములలో సైతము ఇట్టి ఎత్తివ్రాతలను చూచుచునేయున్నాము గనుక మాకు ఆశ్చర్యము కలుగలేదు.

ఈ పాతకథను ఆధారముగా జేసికొని గంజాయి నిరపాయకరమని వాదించు యువకులు బెంగుళూరులో నేడు తఱచుగా కనబడుదురు. వారి వాదములో లోపమేమనగా, 1894 నాటి సంఘము విచారించినది పెరిగిన పురుషుల అలవాటునుగాని పదునైదేండ్ల బాలుని మెదడును కాదు. మెదడు ఇరువదియైదవ యేటివఱకును పెరుగుచునే యుండునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. దీనిని ముట్టిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరు విడువలేని స్థితికి వత్తురనియు, యౌవనారంభమునందే మొదలుపెట్టినవారిలో ప్రతి ఆర్గురిలో ఒకరు అట్లగుదురనియు వైద్యుల అంచనా. 2019లో లాన్సెట్ సైకియాట్రీ అను పత్రికలో ప్రకటితమైన పరిశోధనమును చూడుడు. ఐరోపాలోని పలుచోట్లను, బ్రెజిలులోను రోగులను, ఆరోగ్యవంతులను పోల్చిచూడగా, ప్రతిదినము సేవించువారికి చిత్తభ్రమ కలుగుట సేవింపనివారికంటె సుమారు మూడు రెట్లు, మత్తు హెచ్చుగా నున్న రకములను ప్రతిదినము సేవించువారికి సుమారు అయిదు రెట్లు అధికముగా కనబడినది. ముట్టిన ప్రతివానికిని పిచ్చి యెత్తునని దీని యర్థము కాదు. ఆ మాట పిల్లలతో చెప్పితిమా, ముట్టియు పిచ్చియెత్తని స్నేహితుని వారు మఱునాడే చూతురు. అటుపై మన మాటలలో నిజమైనవానిని కూడ నమ్మరు.

ఇక నిషేధము వచ్చిన త్రోవ. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యవమున మాదకద్రవ్యములను గూర్చిన ఏకైక ఒడంబడిక యేర్పడినది. గంజాయి, చరస్సు అందులో చేరినవి. ఒంటి ఆకులు, విత్తనములు నిర్వచనమునుండి తప్పినవి గనుక మన భంగు మిగిలినది. పాత ఆచారములు గల దేశములకు ఒడంబడిక అమలులోనికి వచ్చిన నాటినుండి 25 సంవత్సరముల గడువు దొరకినది. ఒడంబడిక 1964లో అమలులోనికి వచ్చినది గనుక గడువు 1989తో తీరవలసియుండెను. తీరకముందే 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యముల, మనోప్రేరకపదార్థముల చట్టమును చేసినది. ఎన్.డి.పి.ఎస్. చట్టమని పత్రికలు వ్రాయునది ఇదియే. అది అమలులోనికి వచ్చినది 1985 నవంబరు 14వ తేదీన. అనగా బాలల దినోత్సవమునాడు. ఆ తేదీని అందుకొఱకే యెన్నుకొనిరో లేదో గాని, బాలలకు దానిని గూర్చి చెప్పినవారు మాత్రము అరుదు.

నేడు కోర్టులు పాటించు తూకపు మెట్లు 2001 సవరణముతో వచ్చినవి. తలిదండ్రులు ఈ లెక్కను పిల్లల పలకమీద వ్రాసి చూపినను తప్పులేదు. గంజాయి ఒక కిలోకు లోబడినచో అది స్వల్పపరిమాణము. దానికి ఒక సంవత్సరమువఱకు కఠినకారాగారము గాని, 10,000 రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. 20 కిలోలు మించినచో వాణిజ్యపరిమాణము. దానికి 10 సంవత్సరములకు తక్కువ గాకుండ 20 సంవత్సరములవఱకు జైలు, లక్షకు తక్కువ గాకుండ రెండు లక్షలవఱకు జుల్మానా. ఈ రెంటికిని నడుమనున్నదానికి 10 సంవత్సరములవఱకు జైలు, లక్షవఱకు జుల్మానా. చరస్సునకు ఈ తూకములు మిక్కిలి చిన్నవి: 100 గ్రాములు, ఒక కిలో. దగ్గఱ నుంచుకొనుట మాట యటుంచి, గంజాయి సేవించుటయే వేఱొక నేరము. దానికి ఆరు మాసములవఱకు జైలు గాని, 10,000 రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని. ఇంటి మేడమీద తొట్టిలో ఒక్క మొక్కను పెంచుటయు నేరమే. అందంగా నున్నదని పెంచితినన్న జవాబు చెల్లదు.

భంగు సంగతి వేఱు. ఆకులతో మాత్రమే చేసిన భంగు ఈ కేంద్రచట్టము క్రిందికి రాదు. 2022లో బెంగుళూరునకు సంబంధించిన ఒక వ్యవహారములో కర్ణాటక ఉన్నతన్యాయస్థానము భంగు పొట్లములతో పట్టుబడిన వ్యక్తికి జామీను మంజూరు చేయుచు, భంగులో గంజాయి గాని చరస్సు గాని కలిసినదని పరీక్షలో తేలనిదే దానిని ఈ చట్టపు నిషిద్ధద్రవ్యముగా భావింపజాలమని చెప్పినది. అయితే ఈ తీర్పును విని భంగు బిళ్లలు స్వేచ్ఛగా కొనవచ్చునని తలపరాదు. 1965 నాటి కర్ణాటక అబ్కారీ చట్టములో మత్తుపదార్థము అను మాటలో భంగుకూడ చేరియున్నది. పైగా పెట్టె అంగళ్లలో రంగుకాగితము చుట్టి చాక్లెట్టు పేర అమ్మునదానిలో ఆకున్నదో పూతయున్నదో కొన్నవానికేమి తెలియును?

ఆ తల్లి యడిగిన ప్రశ్నకు వత్తము. ఇతరుల సంచిని మోసినవానిని పట్టుకొందురా? తప్పక పట్టుకొందురు. త్రాగినవానికంటె మోసినవానికే శిక్ష యెక్కువ కావచ్చును. ఏలయన ఈ చట్టమునకు తూకమే ముఖ్యముగాని సంచియెవరిదన్నది కాదు. సాధారణముగా నేరగానియందు దురుద్దేశ మున్నదని సర్కారువారు రుజువు చేయవలయును. ఈ చట్టములో అట్లు కాదు. సరకు ఒకని స్వాధీనమున దొరికినదని తేలినచో, తెలిసియే యుంచుకొన్నాడని కోర్టు ముందుగా భావించును. తెలియదని నిరూపించుకొనవలసిన భారము అతనిమీదనే పడును. ఊరినుండి బయలుదేరునపుడు బస్సు నిలయములో ఎవడో పరిచితుడు వచ్చి, తమ్ముడూ, ఈ సంచి బెంగుళూరులో మావాడు వచ్చి తీసికొనును, నీకు అయిదువందలు ముట్టజెప్పును అని చెప్పినాడనుకొందము. సంచిలో 21 కిలోలున్నవి. పట్టుబడిన యువకుడు పొగ త్రాగి యెఱుగడు. అయినను అతని యెదుట నిలుచునది పది సంవత్సరములకు తగ్గని శిక్ష.

జామీనును గూర్చియు ఒక మాట. వాణిజ్యపరిమాణము విషయములో, ఇతడు నేరము చేసియుండడని నమ్ముటకు తగిన కారణములున్నవని న్యాయాధిపతికి తోచవలయును. విడిచినచో మరల నేరము చేయడనియు తోచవలయును. అప్పుడుగాని విడువరు. విచారణ ముగియకమునుపే యేండ్లు గడచిపోవుట కలదు. ఆ యేండ్లు చదువుకొనవలసిన యేండ్లు, పెండ్లి కావలసిన యేండ్లు.

ఇంటిని అద్దెకిచ్చు తలిదండ్రులు మనలో కొందఱున్నారు. తన యింటిలోనో గదిలోనో ఇట్టి నేరము జరుగుచున్నదని తెలిసి ఊరకున్న యజమానికిని ఆ నేరమునకు గల శిక్షయే వర్తించును. అట్లే నలుగురు స్నేహితులు డబ్బు పోగుచేసి ఒకనిని తెమ్మని పంపినచో, తెచ్చినవాడు ఒక్కడే కాదు, నలుగురును కుట్రలో చేరినవారగుదురు. పదునెనిమిదేండ్లు నిండనివానికి శిక్ష లేదన్న నమ్మకమును మన పేటలలో వినుచున్నాము. దీనిలో కొంత నిజమున్నది. బాలుని వ్యవహారము 2015 నాటి బాలన్యాయచట్టము ననుసరించి బాలన్యాయమండలి యెదుటికి పోవును, సామాన్యకోర్టునకు కాదు. కాని పదునాఱేండ్లు నిండినవాడు ఏడు సంవత్సరములకు తగ్గని కనీసశిక్ష గల ఘోరనేరమున చిక్కినచో, అతనిని పెద్దవానివలె విచారింపవలయునా అని మండలి ఆలోచింపవచ్చును. 20 కిలోలు మించిన గంజాయి అట్టి నేరమే. ఈ నమ్మకమును పిల్లలలో నాటువారు సామాన్యముగా తమ సంచులను పిల్లలచే మోయింపదలచినవారే. అట్లు బాలురచే మోయించినవానికి ఏడు సంవత్సరములవఱకు కఠినకారాగారము అదే బాలన్యాయచట్టములో కలదు.

మనవారినే ఇంతగా హెచ్చరించుట యెందుకని అడుగవచ్చును. బెంగుళూరునకు వచ్చు గంజాయిలో చాలభాగము ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలనుండి వచ్చుచున్నదను సంగతి పత్రికలు చదువువారెల్లరకు తెలిసినదే. చింతపల్లి, జి. మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మొదలగు మన్యపు మండలములు, ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా దీనికి పేరుపొందినవి. అక్కడి రకమునకు శీలావతియని పేరట! ఇట్టి సరకునకు ఒక పతివ్రత పేరు పెట్టినవాడెవడో గాని, గడుసువాడు. కాఫీ, మిరియము, పసుపు పండు ఆ కొండలలో గిరిజనునికి విత్తనమిచ్చి, బయానా ఇచ్చి, పంటను ఎత్తికొనిపోవువారు పైప్రాంతములవారు. పండించినవానికి దక్కునది లాభములో ఇసుమంత. పట్టుబడునపుడు మాత్రము ముందుగా దొరకునది అతడును, మూట మోయు కూలివాడును. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు పరివర్తన అను పేర వేలకొలది ఎకరములలో తోటలను కొట్టివేయించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగులబెట్టిరి. 2024లో ఆ రాష్ట్రప్రభుత్వము ఈ పనికై ఈగల్ అను ప్రత్యేకదళమును ఏర్పాటు చేసినది. తోటలు చాలవఱకు తగ్గినను, సరిహద్దునకు ఆవలనుండి సరకు మన జిల్లాల మీదుగానే దిగుచున్నది.

ఆ సరకు ఏ రూపమున వచ్చునో తెలియుటకు 2020 సెప్టెంబరు నాటి ఒక సంఘటన చాలును. బెంగుళూరు పోలీసులు నగరములో దొరికిన కొద్ది సరకు జాడను బట్టి కలబురగి జిల్లావఱకు పోయి, ఒక గొఱ్ఱెలదొడ్డిలో నేలక్రింద దాచిన 1,300 కిలోలకు మించిన గంజాయిని వెలికిదీసిరి. కూరగాయల బండ్లలో వచ్చిన సరకది. పెద్దవర్తకులు లారీలు వాడుదురు. చిన్నవర్తకులు మనుష్యులను వాడుదురు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి కట్టడపుపనులకు వచ్చిన కుటుంబములు మన పాఠశాలలో కలవు. సంక్రాంతికి పోయి తిరిగివచ్చు ఆ కుటుంబముల పెద్దపిల్లలకు దారి తెలియును, భాష తెలియును, చేతిలో సంచి యుండుట సహజము. అట్టివారిని వెదకువారు వెదకుచునేయుందురు.

మన సంఘములో ఈ విషయమునుగూర్చి గల అభిప్రాయములు విచిత్రములు. గంజాయివనములో తులసిమొక్క యను సామెతను మనమెల్లరము వాడుదుము. దుష్టులనడుమ పుట్టిన సజ్జనుని పొగడుటకు ఆ మాట. మేము మాత్రము దానిని వినునపుడెల్ల తులసిని గూర్చి కాక వనమును గూర్చి తలంతుము. తోటలో నున్నదంతయు ఒకే జాతియని ముందే తీర్మానించిన చూపు అది. ఒక యింటి పిల్లవాడు పట్టుబడినాడనగా ఆ వీధివారందఱు ఆ యింటిని వనమని పిలుచుటకు సిద్ధము. ఎవడు త్రాగెను, ఎవడు మోసెను, ఎవడు ఆశచూపి మోయించెను అను భేదము ఎవరికిని పట్టదు.

సారాయి విషయములో మన చూపు ఇట్లు లేదు. అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వారు 2018లో జరిపి, 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సమీక్ష ప్రకారము, పదేండ్లు మొదలు డెబ్బదియైదేండ్లవఱకు గలవారిలో మద్యము త్రాగువారు సుమారు 16 కోట్లమంది. భంగు సేవించువారు సుమారు 2 కోట్ల 20 లక్షలు. గంజాయి, చరస్సు వాడువారు సుమారు 1 కోటి 30 లక్షలు. రాజ్యాంగపు 47వ అధికరణము మత్తుపానీయములను, మత్తుమందులను రెంటిని ఒకే వాక్యములో చేర్చి నిషేధింప యత్నింపుమని చెప్పినది. ఆచరణలో ఒకటి సర్కారు ఖజానాకు ఆదాయమైనది, రెండవది జైలుకు దారియైనది. తండ్రి సాయంకాలము సీసాతో కూర్చుండి కొడుకునకు గంజాయివలని అనర్థములు బోధించుటను మేము ఎఱుగుదుము. కొడుకు తలయూపును, నమ్మడు.

చట్టము సడలింపవలయునని కోరువారు మన దేశములోను లేకపోలేదు. 2020 డిసెంబరులో గంజాయిని మిక్కిలి ప్రమాదకరద్రవ్యముల పట్టికనుండి తొలగించుటకు ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘములో ఓట్లు తీయగా 27 దేశములు అనుకూలముగను, 25 ప్రతికూలముగను నిలిచినవి. భారతదేశము అనుకూలపక్షమున ఓటిచ్చినది. కెనడా 2018లో దీనిని పెద్దవారికి అనుమతించినది. జర్మనీ 2024లో పరిమితముగా అనుమతించినది. థాయిలాండు 2022లో తలుపు తెఱచి 2025లో వైద్యుని చీటీ ఉండవలయునని మరల కట్టడి చేసినది. సింగపూరులో మాత్రము 500 గ్రాములు మించిన గంజాయిని దొంగచాటుగా తెచ్చినవానికి ఉరిశిక్ష నేటికిని కలదు. కూలికై అక్కడికి పోవు మనవారు ఈ మాట మఱవరాదు. చట్టము ఇట్లుండవలయునా, అట్లుండవలయునా యను చర్చ పార్లమెంటువారికి విడుతము. 2020 నాటి ఓటు మన శిక్షాసూత్రములలో ఒక్క అక్షరమును మార్చలేదన్న సంగతి పిల్లలకు చెప్పుట మాత్రము మన పని. ఫోనులో చూచిన వార్తను నమ్మి, ఇది ఇప్పుడు చట్టబద్ధమేనట అని చెప్పు విద్యార్థులను చూచితిమి.

తలిదండ్రులతో ముఖ్యముగా చెప్పదలచినది ఇది. ఇంత కఠినమైన చట్టములోను రెండు తలుపులు తెఱచియున్నవి. మొదటిది 64-ఎ సెక్షను. అలవాటుపడినవాడు సేవించిన నేరమునకో, స్వల్పపరిమాణము దగ్గఱనున్న నేరమునకో చిక్కి, తానై సర్కారు ఆసుపత్రియందు గాని సర్కారు గుర్తించిన సంస్థయందు గాని చికిత్సకు పూనుకొని దానిని పూర్తిచేసినచో అతనిని శిక్షింపరు. చికిత్సను నడుమ విడిచినచో ఈ రక్షణము తొలగవచ్చును. రెండవది 39వ సెక్షను. అట్టి చిన్ననేరము రుజువైన పిదపకూడ న్యాయాధిపతి వానిని వెంటనే జైలునకు పంపక, పూచీ వ్రాయించుకొని చికిత్సకు పంపవచ్చును. మోసినవానికి, అమ్మినవానికి ఈ తలుపులు ఉపయోగపడవు. అలవాటునకు చిక్కినవానికే యవి.

ఈ తలుపులను మూయునది చాలమాఱులు చట్టము కాదు, మన పరువు. కొడుకు కన్నులెఱ్ఱబడుట, డబ్బు మాయమగుట, మాటలు తగ్గుట తల్లి గమనించును. తండ్రికి చెప్పదు, చెప్పినచో కొట్టునని భయము. తండ్రికి తెలిసినను ఆసుపత్రికి కొనిపోడు. ఎవరైన చూతురని సిగ్గు. ఊరికి పంపివేయుదమనుకొందురు, లేదా పెండ్లి చేసిన కుదురుకొనుననుకొందురు. ఆ పిల్లతండ్రికి ఏమి జవాబు చెప్పుదురో మాకు తెలియదు. ఇట్లు ఒకటి రెండేండ్లు గడచును. ఈలోగా పిల్లవాని ఖర్చు పెరుగును. ఖర్చు పెరిగినపుడు, ఈ సంచి ఒక్కమాఱు చేర్చుము, నీ బాకీ తీరినట్లే అనువాడు తప్పక వచ్చును. ఒక కిలోకు లోబడి, చికిత్సతో తీరవలసిన వ్యవహారము ఆనాడు 20 కిలోల మెట్టునకు ఎక్కును.

ఆసుపత్రికి పోయిన సంగతి వెల్లడియగునేమోయని భయపడువారు 2017 నాటి మానసికారోగ్యసంరక్షణచట్టమును గూర్చి వినియుండవలయును. మత్తుపదార్థముల వలని రుగ్మతలును ఆ చట్టమున మానసికవ్యాధులలో చేరినవి. రోగి విషయములను గోప్యముగా నుంచుట వైద్యుల విధి. బెంగుళూరువారి అదృష్టమేమనగా, దేశములోనే పేరెన్నికగన్న నిమ్హాన్స్ మన హోసూరు రోడ్డుమీదనే యున్నది. ఇతర రాష్ట్రములనుండి రోగులు రెండు రాత్రులు రైలులో ప్రయాణముచేసి అక్కడికి వత్తురు. మనకు సిటీబస్సు చాలును. అలవాట్లను మాన్పు చికిత్సకు అక్కడ ప్రత్యేకవిభాగము కలదు.

ఇంటినుండియే మాటాడదలచినవారు ఈ సంఖ్యలను వ్రాసికొనవలసినది. మానసికబాధను గూర్చి టెలి–మానస్: 14416, తెలుగులో మాటాడవచ్చును. మత్తు మానుటను గూర్చిన జాతీయసహాయసంఖ్య 14446. సరకు అమ్మువారిని గూర్చి తెలుపుటకు 1933. ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ దళమునకు 1972. సంచి మోయుమని పిల్లవానిని ఎవరైన అడిగినచో, అతడు భయపడక ముందుగా ఇంటిలో చెప్పునట్లు అతనిని సిద్ధపఱచియుంచవలయును. ప్రతి శనివారము మధ్యాహ్నము బడి విడిచిన పిదప మేము మా గదిలోనే యుందుము. వచ్చినవారి పేరు హాజరుపుస్తకములో గాని, సందర్శకుల పుస్తకములో గాని వ్రాయబడదు.